నల్లరేగడి డొంకలో దిగబడ్డ కారు: లాగే ముందు ఏం చూశాం

ఒంగోలు చుట్టుపక్కల బండ్ల రికవరీ పని చేస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం బురదవే. వాటిలో ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో బురద వల్ల కారుకు జరిగిన నష్టం దాదాపు లేదు. యజమాని చేతి చమురు వదిలించిందంతా కారును బయటికి తీయబోయిన ప్రయత్నాలే. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, కారు కంపెనీ, మనుషుల ఆనవాళ్లు వదిలేశాను.

నేపథ్యం

నాగులుప్పలపాడు, మద్దిపాడు మండలాల వైపు చాలాచోట్ల నల్లరేగడి నేల. శనగ, పొగాకు, మధ్యమధ్యలో సుబాబుల్ తోటలు. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు ఇచ్చే ఈ నేల, వాన పడగానే ఉబ్బి ఆ నెర్రెలన్నీ మూసేసుకుంటుంది. ఆ తర్వాత నీళ్లు కిందికి ఇంకడం చాలా నెమ్మది. రెండు రోజులు ఎండ కాస్తే పైన వేలెడు మందాన పెచ్చు కట్టి, ఆరిన బాటలాగే కనిపిస్తుంది. ఆ పెచ్చు మనిషి బరువు ఆపుతుంది, మోటార్ సైకిల్‌నూ ఆపుతుంది. కారును ఆపదు.

అందుకే నాకు ఫోన్లు ముసురు రోజుల్లో పెద్దగా రావు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ ఇదే చూశాను. నీళ్లు కళ్ల ముందు పారుతుంటే ఎవరూ డొంకలోకి దిగరు. వాన వెలిసి, ఎండ కాసి, దారి బాగానే ఉందనిపించినప్పుడే దిగుతారు.

ఈ కేసు కూడా అలాంటిదే. నవంబరు నెల, వాన ఆగి రెండు రోజులైంది. బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి ఒక కుటుంబం బయలుదేరింది. నలభై ఏళ్ల యజమానే డ్రైవింగ్. భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన తల్లి, డిక్కీ నిండా సామాను. కారు మాన్యువల్ గేర్ల హ్యాచ్‌బ్యాక్, ముందు చక్రాలకే ఇంజన్ పవర్ వెళ్లే రకం. ఫోన్‌లో మ్యాప్ దగ్గర దారి అని చూపించింది. ఊరు దాటగానే తారు అయిపోయింది, కొంతదూరం గ్రావెల్, ఆ తర్వాత ట్రాక్టర్లు తిరిగే మట్టి డొంక. మ్యాప్‌కు తారు రోడ్డూ డొంకా ఒకటే గీత.

ఫోన్‌లో తెలిసిన సమస్య

నాలుగు దాటాక ఫోన్ వచ్చింది. నవంబరులో మన వైపు ఐదున్నర దాటితే చీకటి పడుతుంది. బయలుదేరే ముందే కొన్ని విషయాలు అడుగుతాను. చక్రం ఎంతవరకు మునిగింది, తలుపు కింది అంచుకూ నేలకూ మధ్య చెయ్యి పడుతుందా, వెనక సైలెన్సర్ గొట్టం కనిపిస్తోందా, లోపల ఎవరున్నారు. ఫోటోలు కూడా పంపమంటాను.

ఇందులో నన్ను కంగారు పెట్టినవి రెండు సంగతులు. ఒకటి, తలుపు అంచు కింద చెయ్యి కాదు కదా, వేలు కూడా పట్టడం లేదు. రెండు, పెద్దావిడకు ఉక్కపోస్తోందని ఇంజన్, ఏసీ వేసి అద్దాలు ఎత్తి లోపలే కూర్చోబెట్టారు. ఫోటోలో సైలెన్సర్ గొట్టం సగం పైనే మట్టిలో ఉంది. పొగ బయటికి పోయే దారి మూసుకుంటే అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కారు అడుగున చేరి, సందుల్లోంచి లోపలికి రావచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, ఆ తర్వాత మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. ముందు ఇంజన్ ఆపించి, నాలుగు తలుపులూ తీయించి, అందరినీ దగ్గర్లో ఉన్న పొగాకు బ్యారన్ అరుగు మీదికి పంపించాను. కారును ఎలా తీయాలన్నది ఆ తర్వాతి మాట.

నేను వెళ్లేసరికి ఏమేం చేశారు

మొదట అందరూ చేసేదే చేశారు, ఫస్ట్ గేర్ వేసి యాక్సిలరేటర్ తొక్కారు. ఒక ముందు చక్రం తిరుగుతూనే ఉంది, రెండోది కదల్లేదు. ఇంజన్ బలాన్ని చక్రాలకు పంచే భాగం డిఫరెన్షియల్. మామూలు కార్లలో ఉండేది రెండు చక్రాలకూ ఒకే బలం ఇస్తుంది. పట్టు లేని చక్రం ఎంత బలం తీసుకోగలిగితే రెండోదానికీ అంతే అందుతుంది. కాబట్టి ఒక చక్రం జారుతుంటే ఇంజన్‌ను ఎంత రేజ్ చేసినా లాభం లేదు. పైగా రేగడి మట్టి టైరు గాళ్లలో నిండిపోయి, టైరు నున్నటి రోలర్ అయిపోతుంది. తిరిగిన ప్రతి చుట్టుకూ గుంత లోతవుతుంది. మధ్యలో కాలిన వాసన వచ్చిందని భార్య చెప్పారు. అది క్లచ్ ప్లేటు.

తర్వాత ఇటుక ముక్కలు, రాళ్లు తెచ్చి ముందు చక్రాల కింద వేశారు. కొన్ని మట్టిలోకి దిగిపోయాయి, ఒకటి వెనక్కి ఎగిరి ఎవరి కాలికో తగలబోయింది. గట్టినేల మీద రాయి పనికొస్తుంది. మెత్తటి రేగడిలో మాత్రం చిన్న వస్తువు మీద పెద్ద బరువు పడితే అది మేకులా దిగుతుంది.

మూడో ప్రయత్నం ట్రాక్టర్. పక్క పొలం కుర్రాడు సాయానికి వచ్చాడు, మనసు మంచిది. కారు వెళ్లాల్సింది ముందుకు కాబట్టి ముందుకే లాగుదామన్నారు. నైలాన్ మోకు తెచ్చి, బంపర్ కింద చెయ్యి పెడితే తగిలిన ఇనుప ముక్కకు కట్టేశారు. అది లోయర్ ఆర్మ్, చక్రాన్ని నిలబెట్టే సస్పెన్షన్ భాగం. మోకు రెండో కొసను ట్రాక్టర్ వెనక పైభాగంలో, టాప్ లింక్ దగ్గర తగిలించారు. ఒక్క ఊపున లాగితే బంపర్ పగిలింది, మోకు తెగింది. తెగిన కొస ఎవరికీ తగల్లేదు, అది అదృష్టమే. ట్రాక్టర్ చక్రాలు కూడా దిగబడటం మొదలుపెట్టగానే కుర్రాడు ఆపేశాడు. ఆ రోజు నేను వెళ్లకముందు జరిగిన వాటిలో మంచి నిర్ణయం అదొక్కటే.

చూడగానే అర్థమైంది

రికవరీ వ్యాన్‌ను గ్రావెల్ మీదే ఆపి నడిచి వెళ్లాను. వ్యాన్ బరువు కారుకు ఎన్నో రెట్లు. దాన్ని డొంకలోకి దించితే రెండు బండ్లను తీయాల్సి వస్తుంది.

డొంకలో ట్రాక్టర్ చక్రాలు తొక్కిన గాళ్లు జానెడు పైనే లోతున్నాయి. రెంటి మధ్య ఎత్తుగా గట్టు మిగిలింది. ఇలాంటి కార్లకు నేలకూ అడుగుకూ మధ్య ఖాళీ 165, 170 మిల్లీమీటర్లు ఉంటుంది, అదీ బండి ఖాళీగా ఉంటే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండితే ఇంకా తగ్గుతుంది. డ్రైవర్ మొదట గట్టు మీద ఒక చక్రం, పక్క అంచున ఒక చక్రం పెట్టుకుని జాగ్రత్తగానే వచ్చాడు. ఒక చోట రెండూ జారి గాళ్లలో పడ్డాయి. అప్పటి నుంచి కారు పొట్ట ఆ గట్టు మీద ఆనింది. చక్రాలు తిరిగి గుంత చేసినకొద్దీ బరువు చక్రాల మీంచి పొట్ట మీదికి మారుతూ పోయింది.

ఇక ఇది ట్రాక్టర్ ఎన్ని హార్స్ పవర్ అన్న లెక్క కాదు. కారు చక్రాల మీద ఉంటే బండిని లాగుతున్నాం. పొట్ట మీద ఉంటే నేలను దున్నుతున్నాం. పొట్ట కింద గట్టు ఉన్నంతసేపు ఎంత బలంగా లాగితే కారు అడుగు అంత చిరుగుతుంది. కింద ప్లాస్టిక్ కవర్, సైలెన్సర్, పైపులు, అన్నీ అక్కడే ఉన్నాయి.

"పారలెందుకన్నా, ఇంకో పెద్ద ట్రాక్టర్ పిలిస్తే అయిపోద్దిగా" అన్నాడు కుర్రాడు. ఇలాంటి చోట్ల ఎప్పుడూ వినే మాటే. వాదించకుండా అతన్ని వంగి చూడమన్నాను. చూశాక పార అతనే అందుకున్నాడు.

ముందుకా, వెనక్కా

ముందు దారి ఎలా ఉందో నడిచి చూశాను. కొంతదూరంలో డొంక పల్లానికి దిగుతోంది, అక్కడ నీళ్లు నిలిచి ఉన్నాయి. వెనక వైపు వంద అడుగులు దాటితే గట్టి గ్రావెల్. కారు వచ్చిన దారి కనీసం అంతవరకు దాన్ని మోసింది, ముందున్న దారి గురించి ఆ మాట చెప్పలేం. గృహప్రవేశం ముందు వైపు ఉన్నా లాగడం వెనక్కే అని తేల్చేశాం. ట్రాక్టర్ గ్రావెల్ మీద నిలబడి లాగగలగడం రెండో లాభం. రేగడిలో నిలబడ్డ ట్రాక్టర్ తన బరువునే మోసుకోలేక చక్రాలు తిప్పుతుంటుంది, గట్టినేల మీద అదే ట్రాక్టర్ నింపాదిగా లాగుతుంది. దూరం ఎక్కువే కాబట్టి నా దగ్గరున్న, బండ్లు లాగే బెల్టులు రెండు కలిపి పొడుగు చేశాం.

కట్టాల్సింది ఎక్కడ? ఈ కారుకు వెనక బంపర్ కింద చట్రానికి అతికిన కొక్కెం ఉంది, మట్టిలో కూరుకుపోయి కనిపించలేదంతే. తవ్వి తీశాం. కొన్ని కార్లకు కొక్కెం విడిగా టూల్ కిట్‌లో ఉంటుంది, బంపర్ మీద చిన్న మూత తీసి బిగించాలి. వాటిలో చాలావాటికి ఎడమ మర ఉంటుంది. మామూలుగా తిప్పి, పట్టడం లేదని పారేసి, దొరికిన ఇనుముకు తాడు కట్టిన వాళ్లను చూశాను. చివరిదాకా బిగించకుండా సగం మరల మీద లాగితే కొక్కెమే ఊడి తుపాకీ గుండులా వస్తుంది.

తవ్వకం

పని మొత్తంలో ఎక్కువ సమయం దీనికే పట్టింది. ముందు గాళ్లలో నిలిచిన నీటిని పక్క కాలవలోకి పోయేలా చిన్న బోదె తీశాం. నీళ్లు ఉన్నంతసేపు తవ్విన మట్టి మళ్లీ జారి లోపలికే వస్తుంది, పైగా అడుగున తడి మట్టి కారును పీల్చి పట్టి ఉంచుతుంది.

తర్వాత పొట్ట కింద గట్టు. కారు కిందికి ఎవరూ దూరకూడదు, చెయ్యి కూడా పెట్టకూడదు అని గట్టిగా చెప్పాను. మెత్తటి నేల మీద కారు ఎప్పుడు ఇంకో అంగుళం దిగుతుందో తెలియదు. రెండు పక్కల నుంచీ పొడుగు కర్ర పారలతో మట్టిని లాగాం. ఒక వైపు నుంచి చూస్తే రెండో వైపు వెలుతురు కనిపించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

మూడోది, ప్రతి చక్రం వెనకాల వాలు. చక్రం గుంతలో ఉంటే దాని వెనక నిలువు గోడ ఉంటుంది, లాగినప్పుడు ఆ గోడ ఎక్కాలి. దాన్ని చెక్కి రెండు మూరల పొడుగు వాలు చేశాం. నాలుగు చక్రాలకూ చేయాలి. ముందు రెంటికీ చేసి వెనకవి వదిలేస్తే మొదటి లాగుకే బండి అక్కడ ఆగుతుంది.

జాకీతో ముందు చక్రాలు ఎత్తాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. కారుతో వచ్చే చిన్న జాకీ రేగడిలో కారును ఎత్తదు, తానే దిగుతుంది. అందుకని కింద మందపాటి చెక్క పలక వేసి, నా బాటిల్ జాకీ దాని మీద పెట్టి, కంపెనీ చూపించిన జాకీ పాయింట్ దగ్గరే ఒక్కో వైపు చక్రం తేలేంత మాత్రం ఎత్తాం. ఎత్తిన సందులోకి చేతులు పెట్టకుండా కర్రతో తోస్తూ సుబాబుల్ కర్రలు దించాం. చక్రం నడిచే దారికి అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి, వాటి మీద గోనె సంచులు. నిలువుగా వేస్తే చక్రం వాటి మధ్య సందులోకి జారుతుంది. పొలం యజమానిని అడిగి, డబ్బులిచ్చి తీసుకున్న కర్రలవి.

టైర్లలో గాలి తగ్గించమని గుంపులో ఒకరు సలహా ఇచ్చారు. ఇసుకలో అయితే అదే మొదటి మందు. కావలి, అల్లూరు, ఇందుకూరుపేట వైపు సముద్రం ఒడ్డున దిగబడితే 32 పీఎస్‌ఐ ఉన్న గాలిని 18, 20కి తెచ్చి, టైరును వెడల్పు చేస్తే చాలాసార్లు తాడే అవసరం ఉండదు. ఇక్కడ పొట్ట ఆని ఉంది. గాలి తీస్తే కారు ఇంకాస్త కిందికి వస్తుంది, మేం తవ్వి సంపాదించిన ఖాళీ పోతుంది. వద్దన్నాను.

లాగడం

వెలుతురు తగ్గుతోంది. తాడుకు అటూఇటూ తాడంత దూరంలో ఎవరూ ఉండకూడదని అందరినీ వెనక్కి పంపాను. వీడియో తీసే ఇద్దరు కుర్రాళ్లను రెండుసార్లు పంపాల్సి వచ్చింది. తడిపిన గోనె సంచులు బెల్టు మీద రెండు చోట్ల వేశాం. తెగితే ఆ బరువు దాన్ని నేలకు కొడుతుంది. ట్రాక్టర్‌కు ఈసారి కింద డ్రాబార్‌కు, అంటే బరువులు లాగడానికే ఉండే కమ్మీకి తగిలించాం. ఇరుసు కంటే ఎత్తులో కట్టి గట్టిగా లాగితే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి, బండి వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడుతుంది. అందాకా ఆ సంగతి ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదట.

కారులో యజమాని ఒక్కరే. సైలెన్సర్ గొట్టం చుట్టూ తవ్వి, లోపలి మట్టి తీసేశాం కాబట్టి ఇంజన్ స్టార్ట్ చేయించాను. ఇంజన్ ఆగి ఉంటే స్టీరింగ్, బ్రేకు రెండూ బిగుసుకుంటాయి. అద్దాలు దించి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, గేరు న్యూట్రల్‌లో. చేతి సైగ ఇచ్చేది నేనొక్కడినే. ట్రాక్టర్ అన్నిటికంటే నెమ్మది గేరైన లో-ఫస్ట్‌లో, యాక్సిలరేటర్ తొక్కకుండా, ముందు బెల్టు వదులు పోయేదాకా కదిలి, ఆ తర్వాత అదే వేగంతో.

కారు ఒక అడుగు కదిలింది. తర్వాత దాని వెనక భాగం ఎడమ పక్క కాలవ వైపు జారడం మొదలైంది. ఆపించాను. చూస్తే ట్రాక్టర్ గ్రావెల్ మీద కాస్త పక్కకు నిలబడింది, లాగే గీత కారు గీతతో కలవలేదు. ఈ మట్టిలో కొద్దిపాటి వంపున్నా వెనక చక్రాలు అటే జారతాయి. ట్రాక్టర్‌ను జరిపించి, ఎడమ వెనక చక్రం పక్కన మట్టిని గట్టులా పేర్చి తొక్కాం. రెండోసారి కారు వాలు ఎక్కింది, కర్రల మీదికి వచ్చింది, ఆగకుండా గ్రావెల్ దాకా వచ్చేసింది. కదలిక మొదలయ్యాక సగంలో ఆపకూడదు, ఆగిన చోటే మళ్లీ దిగబడుతుంది.

మధ్యలో యజమాని ఉత్సాహంగా రివర్స్ వేసి తొక్కబోయాడు. చేతితో వద్దని ఆపాను. ముందు చక్రాలు జారడం మొదలుపెడితే కర్రలను పీకి అవతల పారేస్తాయి.

బయటికి వచ్చాక

గ్రావెల్ మీద టార్చ్ వేసి చూశాం. కింద ప్లాస్టిక్ కవర్ ఒక మూల ఊడి వేలాడుతోంది. అది చక్రానికి తగలకుండా కట్టేశాం. ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ మీది రబ్బరు బూట్లు (తొడుగులు) బాగున్నాయి. అవి చిరిగి మట్టి లోపలికి వెళ్తే కొద్దిరోజుల్లో షాఫ్ట్ జాయింటే పోతుంది కాబట్టి ముందు వాటినే చూస్తాను. రేడియేటర్ ముందు జాలీలో మట్టి నిండింది, నీళ్లు పోసి కడిగాం. పైపు పెట్టి జోరుగా కొడితే దాని రేకులు వంగుతాయి. బ్రేకు రెండు మూడు సార్లు తొక్కించి చూశాం.

ఒక విషయం యజమానికి ముందే చెప్పాను. హైవే ఎక్కి అరవై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, భయపడొద్దు, వేగం తగ్గించండి అని. రిమ్ముల లోపలి వైపు అంటుకున్న రేగడి ఒక పక్కే బరువై చక్రం బ్యాలెన్స్ తప్పుతుంది. కడిగితే పోతుంది. ఎండిపోయాక అయితే రాయిలా పట్టుకుని గీకాల్సి వస్తుంది.

కడిగినా వణుకు పోలేదు, బండి ఎడమకు లాగుతోందని మర్నాడు ఫోన్ చేశాడు. గ్యారేజీలో చూస్తే మోకు కట్టి లాగిన లోయర్ ఆర్మ్ వంగింది, దాని రబ్బరు బుష్ చిరిగింది. ఆర్మ్ మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించాల్సి వచ్చింది. ముందు బంపర్ కూడా మార్చారు. ఈ రెండూ మొదటి ట్రాక్టర్ లాగుకు పోయినవే. బురద నిజంగా పాడు చేసింది ఆ ప్లాస్టిక్ కవర్ మూల ఒక్కటే.

నేర్చుకున్నది, మార్చుకున్నది

ఈ కేసు తర్వాత ఫోన్‌లో నేను అడిగే ప్రశ్నల వరస మారింది. ఇప్పుడు మొదటి ప్రశ్న సైలెన్సర్, లోపల మనుషుల గురించి. రెండోది తలుపు అంచు కింద చెయ్యి పడుతుందా అని. పడితే, నేను వచ్చేలోపు వాళ్లే చేయగలిగిన పని ఉంటుంది. అందరూ దిగి, సామాను దించి, చక్రాల ముందూ వెనకా మట్టి తీసి, సెకండ్ గేర్‌లో మెల్లగా ఒక్కసారి ప్రయత్నించవచ్చు. కారులో ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే ఆ స్విచ్ ఆపి చూడమంటాను. చక్రం జారగానే అది ఇంజన్ పవర్ తగ్గించేస్తుంది, బురదలో అది అడ్డం. ఒక్కసారికి కదలకపోతే ఇక తొక్కొద్దు. చెయ్యి పట్టకపోతే ఏదీ ముట్టుకోవద్దు, ఎవరు తాడు తెచ్చినా కట్టనివ్వొద్దు అంటాను. ఈ చివరి మాట ఒప్పించడమే కష్టం. సాయం చేస్తామని వచ్చిన పదిమందిని కాదనడం ఊళ్లో మొహమాటంగా ఉంటుంది. అప్పుడు ఫోన్ వాళ్లకే ఇవ్వమని, పార తెచ్చిపెట్టమని పని పురమాయిస్తాను. చేతిలో పని ఉన్నవాళ్లు తాడు జోలికి పోరు.

గిద్దలూరు, మార్కాపురం వైపు ఎర్ర గరప నేలల్లో ఇంత తవ్వకం సాధారణంగా అక్కర్లేదు. అక్కడ పైన జారుడు ఉన్నా కింద గట్టి అందుతుంది, రాళ్లు వేసినా చక్రం పట్టుకుంటుంది. ఒకచోట పనిచేసిన పద్ధతిని ఇంకోచోటికి మోసుకెళ్లడం వల్లే ఇటుకలు రేగడిలో కలిసిపోయేది.

క్లచ్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆ రోజు కాలిన వాసన వచ్చినా ప్లేటు ప్రస్తుతానికి పట్టుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే, లేదా పెడల్ బాగా పైకి వచ్చాక గానీ బండి కదలకపోతే వెంటనే తీసుకురమ్మని యజమానికి చెప్పి ఉంచాను.